యాభై ఏడా, అరవై మూడా

రోస్లిన్ ఉమ్ముతోంది, నేను బిగబట్టుకుని కూర్చున్నాను. ఒకే బెంచీ మీద భుజాలు రాసుకుంటూ ఉన్నాం కాబట్టి ఇద్దరిదీ ఒకటే అవస్థ అని పవర్‌లిఫ్టింగ్ పోటీ తూకానికి ఈ స్కూలు వరండాలో చేరినవాళ్ళందరూ అనుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె గొంతులో చుక్క నీళ్ళు పడలేదు. స్వెట్టరు మీద రెయిన్‌కోటు తొడుక్కుని, చూయింగ్ గమ్ము నములుతూ, నోట్లో ఊరిన ప్రతి చుక్కనీ ఖాళీ సోడా సీసాలోకి ఉమ్ముతోంది. ఇంకో రెండు వందల గ్రాములు దిగితే అరవై తొమ్మిది కిలోల కేటగిరీలో పడుతుందట. స్కూటరు మీద చేపలమ్ముతూ అలెప్పీ సందులన్నీ అదిరేలా కేకలేసే మనిషి, మాట్లాడితే ఉమ్ము ఎండిపోతుందని కళ్ళతోనే అన్నీ చెబుతోంది. నేనేమో లేచిన దగ్గర్నుంచి రెండు లీటర్లకు పైగా నీళ్ళు తాగాను. ఇంట్లో జీలకర్ర నీళ్ళు చెంబుడు, బస్సులో సీసాడు, ఇక్కడికొచ్చాక కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ దోసిళ్ళతో ఇంకొంత. పైన మూడు అరటిపళ్ళు కుక్కాను. పొత్తికడుపు డప్పులా బిగుసుకుపోయింది, కాలు మీద కాలు వేసుకుని పళ్ళు బిగించాను. ఎదురుగా బాత్రూము తలుపు తెరిచే ఉంది. వెళ్తే అరకిలో పోతుంది. వెళ్ళను. ఇంతమంది ఆడవాళ్ళు బరువు దిగడానికి చస్తుంటే నేనొక్కదాన్నే ఎక్కడానికి చస్తున్నాను, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా మా కోచ్ బెన్నీ ఆశాన్‌కి తెలియకూడదు. ఆడవాళ్ళ తూకమని ఆయన్ని గేటు దగ్గరే ఆపేశారు కాబట్టి బతికిపోయాను. వానలో గొడుగేసుకుని అక్కడి నుంచే నాకు చెయ్యి ఊపుతున్నాడు, యాభై ఏడు, యాభై ఏడు అని పెదాలు కదుపుతున్నాడు.

యాభై ఏడు వద్దు ఆశాన్, అరవై మూడులోనే ఎత్తుతాను అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. లైబ్రరీ వెనక రేకుల షెడ్డే మా జిమ్ము, అక్కడ ఆయన మాటే మాట. "నీకేమైనా పిచ్చా లతికా? అరవై మూడులో చేర్తల సుధర్మ ఉంది. నూట పాతిక కిలోలు వీపు మీద పెట్టుకుని కూర్చుని లేస్తుంది ఆ మహాతల్లి. ఆవిడ పక్కన నిలబడి రెండో బహుమతి పట్టుకుంటావా? నలభై దాటినవాళ్ళలో యాభై ఏడుకి జిల్లా మొత్తం మీద ఒక్క పేరూ లేదు. నువ్వొక్కదానివే. కడ్డీ ఎత్తి దించితే బంగారం, తర్వాత రాష్ట్రానికి." నిజమే. ఇక్కడందరూ చేసే పనే అది. ఏ గీత కింద ఎవరున్నారో ముందే ఫోన్లలో కనుక్కుంటారు, ఎవరూ లేని గీత కిందికి దూరిపోతారు. నలభై ఏడు, యాభై రెండు, యాభై ఏడు, అరవై మూడు, అరవై తొమ్మిది, బస్సు స్టేజీల్లాగా గీశారు, గీత మీదుంటే కింది కేటగిరీ, గీత దాటి యాభై గ్రాములున్నా పైది. పేరిచ్చేటప్పుడు ఏం రాసినా ఇవాళ కాటా ఏది చెబితే అదే ఖాయం. మూడు వారాల కిందట జిమ్ములో కాటా ఎక్కితే యాభై ఎనిమిది చూపించింది. ఆశాన్ చప్పట్లు కొట్టాడు. ఇంకొక్క కిలో, చిటికెలో పని అన్నాడు. ఆ రోజు తర్వాత నేను కాటా ఎక్కలేదు. దాని పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే గోడ వైపు మొహం తిప్పుకుని వెళ్ళాను. పోయిన ఓణంకి అదే కాటా మీద అరవై ఏడున్నర ఉన్నాను నేను.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఓణంకి అరవై ఏడున్నర. తర్వాత అరవై నాలుగు. తర్వాత అరవై ఒకటి. నేను ఏం మానేశానని? అన్నం మానలేదు, కర్రపెండలం దుంప మానలేదు, డిపో క్యాంటీన్‌లో పళంపొరి అరటిపండు బజ్జీ మానలేదు. మొదట్లో మానలేదు. తర్వాత్తర్వాత అవే నన్ను మానేశాయి. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయి, డొక్కల కింద నుంచి వీపులోకి ఎవరో మేకు దించుతున్నట్టు నొప్పి. అందుకే రాత్రి మంచం మీద పడుకుని నాతో నేనే ఒక ఒప్పందం చేసుకున్నాను. ఇవాళ కాటా యాభై ఏడు దాటితే నాకే జబ్బూ లేదు, డ్యూటీల ఒత్తిడి, వయసు, అంతే. దాటకపోతే సోమవారం పెద్దాసుపత్రికి వెళ్ళి కడుపు ఫోటో తీయించుకోవాలి. ఒప్పందం చేసుకున్నదీ నేనే, తెల్లారి లేచి చెంబుడు నీళ్ళు తాగి దాన్ని మోసం చేస్తున్నదీ నేనే. పదహారేళ్ళుగా చంగనాశేరి బస్సులో కండక్టర్ని, టికెట్ లేనివాడు ఏ సీటు కింద దాక్కున్నా జుట్టు పట్టి లాగుతాను, ఇవాళ నన్ను నేనే దొంగతనంగా ఎక్కించుకుంటున్నాను. సిగ్గు లేదు నాకు. సిగ్గుంటే అమ్మ మొహం గుర్తొచ్చినప్పుడైనా లేచి బాత్రూముకి వెళ్ళేదాన్ని.

తలుపు తెరుచుకుంది. పొట్టిపిల్ల ఒకతి గెంతుకుంటూ బయటికొచ్చి, "నలభై ఆరు తొమ్మిది వందలూ!" అని అరిచి, ఆ ఊపులోనే వాళ్ళమ్మ చేతిలో సీసా లాక్కుని గటగటా తాగుతోంది. గొంతు కదలడం కనిపిస్తోంది. రోస్లిన్ ఆ గొంతుకేసి చూసి కళ్ళు మూసుకుంది. అమ్మకి చివర్లో ఆ గుటక కూడా పడలేదు. ఆమె కొబ్బరిపీచు తాడు పేనే మనిషి, నడుము ఇంత, చేతులు ఇంతింత, నడిచొస్తుంటే మా లంక మీద చెక్క వంతెన ఊగేది. ఆ మనిషి ఒక వేసవిలో సన్నబడడం మొదలుపెట్టింది. ఊరంతా మురిసిపోయింది. తంకమ్మకి వయసు వెనక్కెళుతోంది అన్నారు. పడవ రేవు దగ్గర అమ్మలక్కలు ఆమె నడుము మీద చెయ్యేసి, రహస్యం చెప్పవే, ఏం తింటున్నావే అని గిల్లేవాళ్ళు. మా నాన్న ఆమెకి ఎర్ర అంచు ముండు చీర కొనుక్కొచ్చాడు, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. అమ్మ సిగ్గుపడుతూ అది కట్టుకుని గుడికెళ్ళింది. నేను అప్పుడు ప్లస్ టూ, అమ్మ పక్కన నడుస్తూ ఎంత గర్వపడ్డానో, మా అమ్మ అందంగా ఉందని. ఓణం పువ్వుల ముగ్గు వేసే రోజులకి ఆమె మంచం దిగలేకపోయింది. అదే ముండు మీద కప్పి తీసుకెళ్ళారు. డాక్టరు నాన్నని అడిగాడట, ఇంత తగ్గుతుంటే మీరెవరూ చూడలేదా అని. చూశాం సార్. అందరం చూశాం. బాగుందన్నాం.

ఇప్పుడు నన్నూ చూస్తున్నారు. జిమ్ములో నేను జాకెట్టు విప్పి బనియన్‌తో నిలబడితే ఆడవాళ్ళంతా చుట్టూ చేరతారు. భుజం ఎముక ఎలా తేలిందో చూడవే, మెడ కింద గుంట చూడవే, నలభై రెండేళ్ళొచ్చాక ఇలా కోసుకోవడం మాటలా. మా వాళ్ళు బరువు దించడాన్ని కోసుకోవడమే అంటారు. "చేచీ, అక్కా, కడుపు మాడ్చకుండా ఒక కేటగిరీ మొత్తం ఎలా దిగావు? నా మీద ఒట్టు, చెప్పి తీరాలి" అని ఈ రోస్లినే నా చెయ్యి పట్టుకుని వేలాడింది. ఏం చెప్పను? రాత్రి గంజి, పొద్దున మెంతుల నీళ్ళు అని నోటికొచ్చింది చెప్పాను. మర్నాడు ముగ్గురు మెంతుల నీళ్ళు తాగొచ్చారు. బస్సులోనూ అంతే, మా డ్రైవరు, అన్నలాంటి పుష్కరన్ చేట్టన్ అద్దంలో నన్ను చూసి, "నువ్వు చిక్కిన దగ్గర్నుంచి బండి మైలేజీ పెరిగిందే లతికా, డిపో వాళ్ళు నీకు బోనస్ ఇవ్వాలి" అని పడీపడీ నవ్వుతాడు. నవ్వొద్దు చేట్టా, ఆపు చేట్టా అందామనుకుంటాను, ఆ లోపు నేనే నవ్వేసి బెల్లు లాగుతాను. ఖాకీ చొక్కా రెండుసార్లు కుట్టు వేయించాను. మూడోసారి తీసుకెళితే దర్జీ, "ఇక కుట్టడానికి గుడ్డ లేదు చేచీ, కొత్తది కొలతలిచ్చెయ్" అన్నాడు. ఇవ్వలేదు. ఏ కొలత ఇవ్వాలి? ఇవ్వాళ్టి కొలత వచ్చే నెలకుంటుందా?

మా ఆయన సాబుకి చెప్పాలి. హౌస్‌బోటులో వంటవాడు, వారానికి నాలుగు రాత్రులు నీళ్ళ మీదే. ఇంటికొచ్చిన రోజు నాకోసమని కరిమీను చేప అరిటాకులో చుట్టి వేయించి, పక్కన కూర్చుని నేను తినేది చూస్తాడు. తెలివితక్కువ మనిషి కాదు. కానీ మొన్న వెనక నుంచి వచ్చి నా నడుము రెండు చేతులతో చుట్టి, "పెళ్ళికూతురప్పటి నడుమొచ్చింది నీకు" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. అచ్చం నాన్న కళ్ళే. ఆ కళ్ళల్లో ఆ ఆనందాన్ని తుడిచెయ్యడం నా వల్ల కాలేదు. అతను పెరటి పొయ్యి మీదున్న పీతల పులుసు కోసం వెళ్ళగానే చేప ముక్క గోడ మీది పిల్లికి వేసేశాను, వచ్చి ఖాళీ ముల్లు చూసి, ఇంకోటి వెయ్యనా అన్నాడు. రాత్రిళ్ళు జాకెట్టు పిండితే నీళ్ళు కారేంత చెమట. అది ఆశాన్‌కి చెబితే, "మంచిదే, ఒంట్లో నీరు దిగుతోంది" అన్నాడు. పోయిన వర్షాకాలం వంద కిలోలు వీపు మీద పెట్టుకుని కూర్చుని లేచాను నేను. ఆ లేవడం ఉంది చూశారూ, కిందకి వెళ్ళినప్పుడు ఇక అయిపోయింది అనిపిస్తుంది, పిరుదులు మడమలకి ఆనుకున్నంత పని అవుతుంది, ఇక లేవలేను, ఇక్కడే కూలిపోతాను అనుకునేసరికి ఎక్కడో కాళ్ళ అడుగు నుంచి ఒక తోపు పుట్టుకొస్తుంది. నా బతుకులో ఎవరూ ఇవ్వని సుఖం అది. అలా లేచిన రోజు షెడ్డు బయటికెళ్ళి ఒక్కదాన్నే ఏడ్చాను. ఇప్పుడు ఎనభైకి మోకాళ్ళు వణుకుతున్నాయి. "కోతలో ఉన్నప్పుడు బలం తగ్గుతుంది, అది మామూలే" అంటాడు ఆశాన్. ఆయన తప్పు కాదు. నాకు ఏది జరిగినా ఆయన దగ్గర ఒక లెక్క ఉంది, ఆ లెక్కలో అన్నీ సరిపోతున్నాయి. ఆ లెక్క నాకూ ఎంత బాగుందో, దాని కింద దూరి ఇన్నాళ్ళు పడుకున్నాను.

"రోస్లిన్ ఆంటొనీ!"

ఆమె లేచింది. సీసాలో ఆఖరిసారి ఉమ్మి, నా చేతిలో పెట్టి, శిలువ గుర్తు వేసుకుని లోపలికెళ్ళింది. గోరువెచ్చని ఆ సీసా పట్టుకుని కూర్చున్నాను, ఛీ అనిపించలేదు. ఎంత ఆరోగ్యంగా ఉంది ఈ పిల్ల. ఉమ్మి ఉమ్మి రెండు వందల గ్రాములు తీయాల్సొచ్చిందంటే ఒళ్ళు దాన్ని ఎంత గట్టిగా పట్టుకుని ఉండాలి. నా ఒళ్ళు నన్ను పట్టుకోవడం మానేసింది. అరటిపండు గొంతులోకి ఎగదన్నుతోంది, కక్కితే పావుకిలో, మింగు, మింగవే మొద్దూ. కడుపులో నీళ్ళు కుదుపుకి కదిలిన చప్పుడు నాకే వినిపిస్తోంది. యాభై ఏడు దాటాలి. సుధర్మ పక్కన నిలబడి ఓడిపోవాలి. చిత్తుగా ఓడిపోవాలి, జనం నవ్వాలి, ఆశాన్ నెల్లాళ్ళు నాతో మాట్లాడకూడదు, నేను అరవై మూడు మనిషిని, బలిసినదాన్ని, బద్ధకస్తురాలిని అనిపించుకోవాలి. దేవీ, ఒక్క ఓటమి ఇయ్యి చాలు. లోపల చప్పట్లు. రోస్లిన్ అరవై తొమ్మిదిలోకి దిగింది. బయటికొస్తూనే రెయిన్‌కోటు నేలకేసి కొట్టి, పగిలిన పెదాలతో నా బుగ్గ మీద ముద్దుపెట్టి, తిండి సంచీ ఉన్న వైపుకి పరుగు తీసింది.

"లతిక సాబు!"

గదిలో పిల్లల బెంచీలన్నీ గోడవారకి జరిపి, నల్లబల్లకి అడ్డంగా చీర కట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ ఎక్కడో పి.టి. టీచరుగా చేసి రిటైరైనట్టుంది, మెడలో ఈల ఇంకా వేలాడుతోంది. లోపలి బట్టలతో నిలబడమన్నారు. చీర వెనక బట్టలు విప్పి వచ్చాను. కాటా మీద కాలు పెట్టాను. పాదాల కింద చల్లగా ఉంది. అంకెలు పరుగెత్తాయి, ఎగిరాయి, దిగాయి, నేను ఊపిరి లోపలికి పీల్చుకుని పట్టుకున్నాను, గాలికి కూడా బరువుంటుందేమోనన్నట్టు. దిగాయి. ఇంకా దిగాయి. ఆగాయి.

"యాభై నాలుగు పాయింట్ రెండు," అని ఈలావిడ గట్టిగా చదివింది, "యాభై ఏడులో దర్జాగా పడ్డావు! అబ్బా, ఎంత మార్జిన్ పెట్టుకున్నావు, ఇంకో బిర్యానీ తినొచ్చు నువ్వు."

"ఇంకోసారి చూడండి టీచర్."

"చూడ్డానికేముంది, మంచి కాటా ఇది. నిన్ననే సరిచేయించాం." ఆవిడ నా మొహం చూసి ఆనందంతో నమ్మలేకపోతున్నాననుకుంది. సరే, ఎక్కు అంది. దిగి మళ్ళీ ఎక్కాను. యాభై నాలుగు పాయింట్ రెండు. నా లోపల రెండు లీటర్ల నీళ్ళున్నాయి, మూడు అరటిపళ్ళున్నాయి. అవన్నీ తీసేస్తే యాభై రెండో, ఇంకా కిందో. ఆ గీత మీద కూడా నిలబడనేమో. రెండో ఆవిడ పెన్ను పట్టుకుని, మూడు ఎత్తులకీ మొదట ఎన్ని కిలోలు వేస్తావో చెప్పు అంది. స్క్వాట్ డెబ్బై, బెంచ్ ముప్ఫై ఐదు, డెడ్‌లిఫ్ట్ ఎనభై ఐదు అన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. "నీ వయసులో ఇంత బాగా దించినవాళ్ళని నేను చూడలేదు," అని ఈలావిడ నా వీపు తట్టింది, సరిగ్గా మేకు దిగే చోట.

బాత్రూములో ఎంతసేపు కూర్చున్నానో. నీళ్ళన్నీ పోయాయి, వాటితో పాటు ఒప్పందంలో నేను దాచుకున్న దొంగ దారులన్నీ పోయాయి. తలుపుకి తల ఆనించి అమ్మా అన్నాను. ఏడుపు రాలేదు, ఆకలి రానట్టే. బయటికొస్తే స్కూలు హాలంతా పెళ్ళి బంతిలా ఉంది. తూకం అయిపోయినవాళ్ళంతా నేల మీద కూర్చుని విరుచుకుపడి తింటున్నారు. ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు మీద అరటిపండు పిసుకుతున్నారు, పొట్లాల్లో బీఫ్ ఫ్రై, గుడ్ల కూర, ఒకావిడ తేనె సీసా ఎత్తి పోసుకుంటోంది. రోస్లిన్ నోటి నిండా కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా నన్ను చూసి చెయ్యి ఊపింది. పక్కన చోటు చేసి, ఆకు పరిచి, పుట్టు మొత్తం నా ముందుకు తోసింది.

"రా చేచీ, రా. నిన్నట్నుంచీ నువ్వూ మాడి చచ్చుంటావు. తిను. ఆశాన్ ఏనుగు తలకాయంత పొట్లం తెచ్చాడు, బరిలోకి దిగేలోపు ఊదెయ్యాలి. ఏంటలా చూస్తావ్, తినవే బాబూ!"

"నాకాకలి లేదు రోస్లీ."

"చాల్లే నటన. ఇప్పుడు తూకం లేదు, గీకం లేదు."

"నటన కాదు. పొద్దుట్నుంచీ నేను నీళ్ళు తాగుతున్నాను, బరువు పెరగాలని. రెండు లీటర్లు. అయినా యాభై నాలుగే వచ్చింది." పుట్టు ఆమె వైపుకే తిరిగి తోశాను. "ఆ మెంతుల నీళ్ళు అబద్ధం. నేనేమీ మానలేదు, ఏమీ దించలేదు. దానంతటదే పోతోంది. మూడు నెలలైంది నాకాకలేసి."

నమలడం ఆగిపోయింది. బుగ్గలో ముద్ద అలాగే ఉంది, దాన్ని మింగాలన్న ధ్యాస లేదు ఆమెకి. నా మొహం మీంచి మెడ మీదికి, మెడ కింద గుంటలోకి, భుజాల ఎముకల మీదికి ఆమె చూపు దిగింది. వందసార్లు చూసి ముచ్చటపడిన భుజాలే. ఆ చూపు మారడం నేను కళ్ళారా చూశాను.

"సాబు చేట్టన్‌కి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె చెయ్యి కూడా కడుక్కోకుండా లేచింది. హాలుకి అటువైపు బార్లు సర్దుతున్న కుర్రాళ్ళ మధ్య బెన్నీ ఆశాన్ ఎవరికో నన్ను చూపిస్తూ, యాభై నాలుగూ అంటూ మురిసిపోతున్నాడు, జనంలోంచి నా కేసి బొటనవేలు పైకెత్తాడు. రోస్లిన్ వెళ్ళి ఎంగిలి చేత్తోనే ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆయన నవ్వుతూనే విన్నాడు, నవ్వుతూనే ఇటు తిరిగాడు, అప్పుడు ఆ బొటనవేలు మెల్లగా మడుచుకుంది. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. జిమ్ములో రోజూ చూసే చూపు కాదది. అక్కడి నుంచి, ఆ మనుషులందరినీ తోసుకుంటూ, తింటున్నవాళ్ళ ఆకులు తొక్కుతూ ఆయన నా వైపు వస్తున్నాడు, మొహం తెల్లగా పాలిపోయింది. నా ఒంటిని చూసి ఎవరైనా భయపడాలని ఇన్నాళ్ళూ ఎదురుచూశానని నాకప్పుడు తెలిసింది. ఏడుపు అప్పుడొచ్చింది.